దిగువ మడుగు

ఆ రోజుల్లో చోడవరం చుట్టూ ఉన్న ఊళ్ళలో గానుగ లేని ఆసామి లేడు, బెల్లం వండటం తనకొక్కడికే వచ్చనుకోని పనివాడూ లేడు. అయినా అనకాపల్లి మార్కెట్లో ఎవరి దిమ్మలు ముందు అమ్ముడుపోతాయని అడిగితే అందరూ పరదేశి పేరే చెప్పేవారు. మనిషి పొట్టి, మాట పొడుగు. సత్యారావు అనే ఆసామి గానుగపాకలో పాకం చూడటం అతని పని. పెనంలో చెరుకు రసం చిక్కబడి కుతకుతలాడుతుంటే, కుడిచేతి వేళ్ళు చన్నీళ్ళలో ముంచి, చటుక్కున పాకంలో పెట్టి, ఇంత ముద్ద తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి "దింపండి" అనేవాడు. కాస్త ముందు దింపితే బెల్లం సాగుతుంది, కాస్త ఆలస్యమైతే మాడుతుంది. పని నేర్చుకున్న రోజులతో కలిపి ఇరవై ఏళ్ళలో అతను తప్పింది రెండంటే రెండు పెనాలు. ఆ రెండూ ఎవరి వల్ల తప్పాయో అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

ఏళ్ళ తరబడి అలా పాకంలో పెట్టిన చెయ్యి మొద్దుబారుతుంది. దాన్ని ఆ పనివాళ్ళు పాకం చెయ్యి అంటారు. మొద్దుబారిందని దిగులు పడరు సరికదా, అదొక బిరుదు వాళ్ళకి. పరదేశి పొయ్యిలోంచి నిప్పుకణిక వేళ్ళతో తీసి చుట్ట వెలిగించుకునేవాడు. ఇంటికి చుట్టాలొస్తే సత్యారావు ఈ విద్య చూపించడానికి అతన్ని ప్రత్యేకంగా పిలిపించేవాడు. వాళ్ళు నోరు తెరిచి చూస్తుంటే పరదేశి ఆ నిప్పుని అరచేతిలో మరో రెండు దమ్ములు లాగేంతసేపు ఎక్కువే ఉంచేవాడు.

ఇంత ఘనుడు భార్యని ఎచ్చనూటకి తీసుకెళ్ళడానికి మాత్రం మూడేళ్ళు సాకులు వెతికాడు. భార్య పేరు నరసమ్మ. ఆమెకి మోకాళ్ళు పట్టేసి, వాకిట్లో ఉన్న రెండు మెట్లు కూడా కూర్చుని జరుగుతూ దిగే స్థితికి వచ్చింది. రోలుగుంట దాటి కొండల్లోకి వెళ్తే ఊటమెట్ట అని ఒక ఊరుంది. ఊరి వెనక రాళ్ళ సందులోంచి ఏడాది పొడుగునా గోరువెచ్చని నీళ్ళు ఊరుతుంటాయి. అదే ఎచ్చనూట. ఉడుకూ కాదు, చల్లనా కాదు. చంటిపిల్లకి లాల పోయడానికి సిద్ధం చేసినంత వెచ్చన. కీళ్ళు పట్టేసినవాళ్ళు ఆ నీళ్ళలో కూర్చుంటే గుణం కనిపిస్తుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వెళ్ళి వస్తున్నారు. పరదేశి మాత్రం ఒక ఏడు ఎడ్లకి బాగాలేదన్నాడు, ఒక ఏడు వానలన్నాడు, ఒక ఏడు తనకే బాగాలేదన్నాడు.

అసలు కారణం ఇద్దరికీ తెలుసు. ఊటమెట్టలో బంగార్రాజు ఉన్నాడు.

పరదేశికి పాకం నేర్పినవాడు బంగార్రాజు. ఎనిమిదేళ్ళ కిందట ఒకనాడు పెనం పక్కన కూర్చుని వేళ్ళు నలుపుకుంటూ, "ఒరే పరదేశీ, ఈ సెయ్యి నాది కానట్టున్నాదిరా. దేన్నైనా పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలవట్లేదు" అన్నాడు. పరదేశి నవ్వేశాడు. "పాకం సెయ్యి గురువా. నలబై ఏల్లు పాకంలో పెట్టినోడివి, నీకు రాకపోతే ఇంకెవుడికొస్తాది" అన్నాడు. అతను మనస్ఫూర్తిగానే అన్నాడు, గురువు మనస్ఫూర్తిగానే సంతోషించాడు. ఆ తరవాత దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి వేళ్ళు వంకరపోయాయి. కుష్టు అనే మాట నోటితో అనలేక పెద్దరోగం అన్నారు. ఒక ఉదయం సత్యారావు మనిషిని పంపి, ఇక గానుగపాకలోకి రావద్దని బంగార్రాజుకి చెప్పించాడు. అదే ఉదయం పెనం దగ్గర పరదేశి కూర్చున్నాడు. అతను గురువుని గెంటాడని ఎవరూ అనలేరు. కాని ఒక్క మాట అడ్డు చెప్పాడని కూడా ఎవరూ అనలేరు. గురువు మంచినీళ్ళు తాగే ఇత్తడి గ్లాసుని కర్రతో నెట్టుకుంటూ తీసుకెళ్ళి కాలవలో పారేసింది మాత్రం పరదేశే. పెళ్ళాం పోయిన బంగార్రాజు ఆమె తాలూకు దూరపు చుట్టాలున్న ఊటమెట్టకి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళలో పరదేశి అటు వెళ్ళలేదు, మనిషిచేత కబురైనా పంపలేదు.

ఈసారి నరసమ్మ బతిమాలలేదు. "పెనం ఎక్కించీ ముందర నన్నక్కడికి తీసుకెల్లు. లేపోతే ఈ ఏడు గానుగపాకలోకి కూడు నువ్వే వండుకుని నువ్వే మోసుకెల్లు" అంది. తొలి పెనం లక్ష్మివారం తెల్లారి ఎక్కాలని ముహూర్తం. మంగళవారం ప్రయాణమేటని పరదేశి సణగబోయాడు గాని, అప్పటికే ఆమె పక్కింటివాళ్ళ చెయ్యి పట్టుకుని బండెక్కి కూర్చుంది. బండి సత్యారావుది. బుధవారం పొద్దు వాలకముందే బయల్దేరి తెల్లారేసరికి పాకలో ఉంటానని మాటిచ్చి పరదేశి పగ్గాలు పట్టుకున్నాడు.

దారికి రెండు పక్కలా చెరుకు కోతకొచ్చి ఉంది. రోలుగుంట దాకా పరదేశి నోరు మూతపడలేదు. ఈ మడిలో చెరుకు ఉప్పదనం పట్టిందనీ, ఆ మడి ఆసామి నీళ్ళు ఎక్కువ పెట్టి చెడగొట్టాడనీ పక్కనెవరైనా రాసుకుంటున్నట్టు చెబుతూనే ఉన్నాడు. ఆ రాత్రి రోలుగుంటలో ఆగి మర్నాడు కొండదారి ఎక్కాక మాటలు తగ్గాయి. ఊటమెట్ట పెంకుటిళ్ళు కనబడేసరికి పూర్తిగా ఆగిపోయాయి. నరసమ్మ అది గమనించింది.

ఊట దగ్గర రెండు మడుగులున్నాయి. రాళ్ళ సందులోంచి వచ్చిన నీళ్ళు ముందు చిన్న రాతిగుంటలో పడి, అక్కణ్ణుంచి ఎగువ మడుగులోకి పోతాయి. సంసారులంతా స్నానం చేసేది అక్కడే. ఆడవాళ్ళ కోసం ఒక పక్క తాటాకు తడిక కట్టారు. ఎగువ మడుగు నిండి పొర్లిన నీళ్ళు ముప్ఫై మెట్లు కిందికి దిగి దిగువ మడుగులో చేరతాయి. అది పెద్దరోగం ఉన్నవాళ్ళది. అటు పోవద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎగువన స్నానం చేసేవాళ్ళు అటు తల కూడా తిప్పరు.

రాతిగుంట పక్కన అచ్చియ్యమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. ఊటని చూసుకోవడం వాళ్ళ ఇంటి పని, అత్తగారి తరవాత ఆమెకి వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, నేరుగా మడుగులో దిగడానికి వీల్లేదు. రాతిగుంట ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ నీళ్ళలో పెట్టాలి. ఊటతల్లి ఎలా ఉందని అచ్చియ్యమ్మ మూడుసార్లు అడుగుతుంది. ఎచ్చగున్నాదని మూడుసార్లు చెప్పాక పసుపు బొట్టు పెట్టి దిగమంటుంది. ఇది ఎందుకు మొదలైందో అచ్చియ్యమ్మని అడిగితే, మా అత్త అడిగేది కాబట్టి నేను అడుగుతున్నాను అంటుంది.

ముందు నరసమ్మ కూర్చుంది. చేతులు నీళ్ళలో పెట్టగానే ఆమె ముఖం విచ్చుకుంది. "ఎచ్చగున్నాది తల్లీ" అని మూడుసార్లు చెప్పి, బొట్టు పెట్టించుకుని, తడిక వెనక్కి వెళ్ళింది. గోవాడ నుంచి బండి కట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు నలుగురిలో ఇద్దరు ఆమెని చెరో చెయ్యీ పట్టుకుని నీళ్ళలో దింపారు.

తరవాత పరదేశి కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాపాడు. కుడిచేతికి నీళ్ళు తగిలాయి. ఎడమచెయ్యి ఇంకా అందలేదు. కాస్త వంగాడు. అయినా అందలేదు. గుంట ఆ పక్క లోతుగా ఉంది కాబోలనుకుని భుజం ఇంకా దించాడు. మోచేతికి కొంచెం కింద, దారం చుట్టినట్టు సన్నగా వెచ్చన తగిలింది. కళ్ళు తెరిచి చూశాడు. ఎడమచెయ్యి మోచేతి దాకా నీళ్ళలోనే ఉంది.

"తల్లి ఎలగున్నాది బాబూ?" అంది అచ్చియ్యమ్మ.

పరదేశి వేళ్ళు కదిపాడు. నీళ్ళలో అవి కదులుతున్నాయి, కనబడుతున్నాయి. వెనక ఇంకో ఇద్దరు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

"ఎలగున్నాది బాబూ?"

"ఎచ్చగున్నాది తల్లీ" అన్నాడు. మిగతా రెండుసార్లూ ఆమె అడక్కముందే చెప్పేశాడు, పాకలో కేకేసే గొంతుతో. కుడిచేతి సంగతి వరకూ అది నిజమే. అచ్చియ్యమ్మ అతని ముఖంకేసి కాసేపు చూసి బొట్టు పెట్టింది.

ఎడ్లకి నీళ్ళు పెట్టి వస్తానని చెప్పి పరదేశి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. నీళ్ళు పెట్టలేదు. బండి చాటున కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. పాకంలో పెట్టేది కుడిచెయ్యి. ఎడమచెయ్యి ఏనాడూ పాకం ముట్టలేదు, దాని పని తెడ్డు పట్టుకోవడం వరకే. పాకం వల్ల మొద్దుబారితే కుడిచెయ్యి మొద్దుబారాలి. కాయలు కాసిన ఆ కుడిచేతికి గోరువెచ్చన తెలిసింది. ఏ పాపమూ ఎరగని ఎడమచేతికి తెలియలేదు.

కిందటి మాఘంలో కుడిచేతికి పాకం అంటుకుని ఉందని ఎడమచేత్తో నిప్పు తీసి చుట్ట వెలిగించాడు. మాటల్లో పడి ఆ నిప్పు పారెయ్యడం మరిచిపోయాడు. చర్మం కాలిన వాసన పక్కవాడికి వచ్చింది గాని అతనికి నొప్పి తెలియలేదు. ఆవేళ పాకలో అందరూ భలే అన్నారు, అతనూ మీసం దువ్వుకున్నాడు. మోచేతి దగ్గర తెల్లటి మచ్చ ఒకటి వానాకాలం నుంచి ఉంది. శోభి అనుకుని గంధకం రాశాడు. ఇవన్నీ విడివిడిగా ఉన్నంతకాలం ఏమీ కాదు. ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

కంపలోంచి తుమ్మముల్లు ఒకటి తీసి ఎడమ చిటికెనవేల్లో గుచ్చాడు. రక్తం వచ్చింది. నొప్పి రాలేదు.

పరదేశికి భయం వేసింది. చావంటే కూడా ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. రేపు తొలి పెనం దించగానే వేడి బెల్లం ముద్దలు చేసి పాకలో ఉన్న ప్రతివాళ్ళ చేతిలోనూ అతనే పెట్టాలి, అది ఆ పాక ఆనవాయితీ. దాచాలంటే దాచవచ్చు. వేళ్ళు వంగలేదు, మచ్చ చొక్కా కింద ఉంటుంది. ఎంతకాలం దాచవచ్చో కూడా అతనికి బాగా తెలుసు. బంగార్రాజుకి రెండేళ్ళు దాగింది. ఆ రెండేళ్ళూ దాగడానికి సాయపడింది తనే. ఆ తరవాత ఒక ఉదయం సత్యారావు మనిషి వస్తాడు. తన గ్లాసు కర్రతో నెట్టుకుంటూ ఎవరు తీసుకెళ్తారో అని ఆలోచించాడు. పాకలో ఒక్కొక్కరి ముఖమే గుర్తుకొచ్చింది.

చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తరవాత లేచి, ఎగువ మడుగు పక్కనుంచి, తల వంచుకుని, ముప్ఫై మెట్లూ దిగాడు.

దిగువ మడుగు గట్టు మీద బంగార్రాజు ఒక్కడే కూర్చుని తాటాకులు చీలుస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, అయినా కత్తి ఆ ముడతలోనే ఇరికించుకుని పని చేస్తున్నాడు. తలెత్తి చూసి, ముందు రోజు విడిపోయిన మనిషిని పలకరించినట్టు పలకరించాడు.

"వచ్చేవేట్రా."

"వచ్చేను గురువా. మా ఆడదానికి మోకాల్లు..."

"మోకాల్లకి ఎగువ మడుగు కదా. ఇక్కడికెందుకు దిగేవు?"

పరదేశి రెండు బారల దూరంలో రాయి మీద కూర్చున్నాడు. బంగార్రాజు ఆకు చీలుస్తూనే ఉన్నాడు.

"నీ బెల్లం ఈ మధ్య ఎర్రగా దిగుతందట కదా. ఇక్కడికొచ్చినోల్లు సెప్పుకుంటన్నారు. సున్నం ఎక్కువేస్తన్నావా?"

"లేదు గురువా. నువ్వేసినంతే."

"అయితే మంట ఎక్కువెడతన్నావు. ఎన్నిసార్లు సెప్పేను నీకు, రసం పొంగీదాకా మంట ఉండాల, ఆ తరవాత తీసీయాల అని. ఇనవు కదా."

ఆరేళ్ళకి కనబడిన గురువు తిట్లు మొదలుపెడితే పరదేశికి ఏడుపొచ్చింది. ఏడవకుండా ఉండటానికి వేరే మాట అందుకున్నాడు.

"నీ గళాసు నానే పారేసేను గురువా, కాలవలో."

"తెలుసు. ఆ దినమే సెప్పేరు నాకు" అన్నాడు బంగార్రాజు. ఆకు తిరగేసి, "మంచి గళాసు అది. మా మాఁవ పెట్టింది" అన్నాడు.

 ఎగువనుంచి ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. నరసమ్మ నవ్వు కూడా వినబడింది. ఆ నవ్వు పరదేశి విని ఎన్నాళ్ళో అయింది. అతను ఎడమచెయ్యి ముందుకి చాపాడు.

బంగార్రాజు కత్తి పక్కన పెట్టాడు. ఏమైందని అడగలేదు. "కల్లు మూసుకో" అన్నాడు. తాటాకు పుల్ల ఒకటి తీసి పరదేశి వేళ్ళ మీద ఒక్కొక్కచోటే ఆనిస్తూ, "ఎక్కడ?" అని అడిగాడు. గట్టిగా నొక్కితే బొటనవేలు, చూపుడువేలు చెప్పాడు పరదేశి. ఆ తరవాత ఏమీ తగలడం లేదు. పుల్ల ఆగిపోయిందనుకుని ఎదురుచూస్తున్నాడు. కళ్ళు తెరిచేసరికి పుల్ల చిటికెనవేలి మీదే ఉంది.

"సిటికెనేలు, దాని పక్కన రెండేల్లూ మొద్దుబారిపోయేయి. ఇంకా వంగలేదు" అన్నాడు బంగార్రాజు. "ఎగువన అచ్చియ్యమ్మకి ఏటని సెప్పేవు?"

"ఎచ్చగున్నాదని."

"నానూ అలగే సెప్పేను. ఉడుకు నీల్లయితే ఎవుడికైనా తెలుస్తాది. గోరెచ్చన తెలవాలంటే సెయ్యి బాగుండాల. పూర్వపోల్లు అందుకే పెట్టుంటారు ఆ అడగడం."

"ఈ నీల్లకి తగ్గుతాదా గురువా?"

"తగ్గదు. మోకాల్లకి మంచివి ఈ నీల్లు, దీనికి కాదు. పతీ లచ్చివారం మిషనాస్పత్రి డాక్టరు జీపు మీద వస్తాడు. ఇదే గట్టు మీద బల్లేసుకుని కూకుంటాడు. తెల్ల బిల్లలిస్తాడు. మూడేల్ల బట్టీ మింగుతన్నాను. నా రోగం ఆగిపోయిందన్నాడు. వంగిన ఏల్లు మరి లెగవు. వంగకముందు వచ్చుంటే వంగకపోను అన్నాడు."

పరదేశి లెక్క వేసుకోనక్కర్లేదు. వంగకముందు రెండేళ్ళు తను అక్కడే ఉన్నాడు.

"ఆ దినం నానే సెప్పేను నీకు, పాకం సెయ్యని."

"నువ్వు సెప్పేవు, నాను నమ్మేను. నమ్మాలనుంది, నమ్మేను. ఇప్పుడు నీకు అలగ సెప్పీవోడు లేడు. నాను సెప్పను."

"రేపు లచ్చివారం. మా పెనం ఎక్కే రోజు."

"ఎరుగుదును. తొలి పెనం లచ్చివారమే ఎక్కాలని ఆనవాయితీ నాను పెట్టిందే కదా."

"డాక్టరు కాడ కూకుంటే అందరూ సూస్తారు గురువా."

"సూస్తారు. ఈ రోగం ఇంకోడికి అంటాదో లేదో, పెనం కాడ కూకోవచ్చో లేదో, అది కూడా ఆ డాక్టరునే అడుగు. తెలవకుండా సెప్పినోల్లే ఎక్కువ నాకు" అని బంగార్రాజు మళ్ళీ కత్తి అందుకున్నాడు. "ఎగువన ఆడోల్లు తానం సేస్తన్న కాడ తడిక నానల్లిందే. ఎవులూ అడగలేదు, నానూ సెప్పలేదు."

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. తడి జుట్టు ముడి వేసుకుని నరసమ్మ దిగి వస్తోంది. బండి దగ్గర మొగుడు కనబడకపోతే అచ్చియ్యమ్మని అడిగింది, ఆమె గడ్డంతో కిందికి చూపించింది. మూడేళ్ళుగా రెండు మెట్లు కూర్చుని దిగిన మనిషి ముప్ఫై మెట్లు నిలబడి దిగింది. ఆ సంతోషం చెప్పాలనే గబగబా వస్తోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆఖరి మెట్టు దగ్గర బంగార్రాజుని చూసి ఆగింది.

"బాగున్నావా మాఁవా" అంది. తరవాత మొగుడి చేతికేసి చూసి, "రక్తవేటి?" అంది.

"ముల్లు గుచ్చేను. తెలవలేదు" అన్నాడు పరదేశి.

"తెలవకపోడవేటి?"

"ఈ సెయ్యికి నీల్లు ఎచ్చగున్నాయో సల్లగున్నాయో తెలవలేదే. అక్కడ అబద్దం ఆడేను."

నరసమ్మ అతని చెయ్యి చూసింది, బంగార్రాజు చెయ్యి చూసింది. ఆమె కాలు దానంతట అదే వెనక్కి పోయి పై మెట్టు మీద పడింది. పరదేశి అది చూశాడు. తప్పు పట్టడానికి అతనికి ముఖం లేదు. ఆరేళ్ళ కిందట గురువు ముందు తను వేసిందీ ఆ అడుగే, పైగా ఆ తరవాత ముందుకి వెయ్యలేదు.

"డాక్టరు రేపు పొద్దున్న వస్తాడంట" అన్నాడు. "నువ్వు గోవాడోల్ల బండిలో ఎల్లిపో. దారే కదా, ఇంటికాడ దింపమను. నాను..." తను ఏం చేస్తాడో అతనికి తెలియలేదు. 

నరసమ్మ వెనక్కి తిరిగి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. పరదేశి తలెత్తలేదు. అడుగులు ఒకటొకటే పైకి పోవడం వింటూ కూర్చున్నాడు. బంగార్రాజు ఆకు చీల్చడం మానేశాడు. పైన ఎడ్ల మెడల్లో గంటలు మోగాయి, గోవాడ వాళ్ళు బండి కడుతున్నట్టున్నారు. అంతలో నరసమ్మ గొంతు వినబడింది. మొగుడితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి ఆమె కూడా కేకేసి మాట్లాడటం నేర్చుకుంది.

"ఏటమ్మా, చోడవరం మీంచే కదా ఎల్తారు. సత్యారావు బాబుకి ఓ మాట సెప్పండి. నా మోకాల్లు ఇంకా కుదర్లేదు, ఇంకో దినం నీల్లలో నానాలంట. రేపు పెనం ఎక్కదని సెప్పండి. మిగతాది మేమొచ్చి సెప్పుకుంటాం."

"ఇప్పుడే కదే గెంతుకుంటా దిగి ఎక్కేవు" అని ఒకామె అంది.

"దిగేను కాబట్టే నొప్పెట్టింది. ఎల్లండి, పొద్దోతంది" అంది నరసమ్మ.

బండి కదిలింది. గంటల మోత దూరమైంది. అప్పుడు మళ్ళీ మెట్ల మీద అడుగులు. ఈసారి గబగబా కాదు, నిదానంగా దిగింది. వచ్చి పరదేశి ఎడమపక్కన గట్టు మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళు దిగువ మడుగు నీళ్ళలో పెట్టింది.

"ఇక్కడా ఎచ్చగానే ఉన్నాయి మాఁవా" అంది బంగార్రాజుతో.

"ఆ నీల్లే కదమ్మా ఇవీ" అన్నాడు బంగార్రాజు.

పరదేశి కూడా కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. ఎడమచెయ్యి గట్టు మీంచి జారి నీళ్ళలోకి వేలాడుతోంది, అతను దాన్ని పట్టించుకోలేదు. ఎండ తగ్గి కొండ నీడ మడుగు సగం దాకా వచ్చింది. రేపు ఏం అడగాలో, సత్యారావుకి ఏం చెప్పాలో, ఎవరి చేతిలో పెనం పెట్టాలో ఆలోచిస్తూ నీళ్ళకేసి చూశాడు. నీళ్ళ అడుగున నరసమ్మ చెయ్యి అతని ఎడమచేతిని పట్టుకుని ఉంది. ఎప్పట్నుంచి పట్టుకుని ఉందో అతనికి తెలియదు.